చాట్‌తో రమ్మంటే చాటతో వచ్చారు

బ్యాంకు పరీక్షలతో కుస్తీ పడుతున్న పిల్లలూ! మీ పుస్తకాల్లో బ్యాంకు అంటే ఏమిటో చాలా చక్కగా రాసి ఉంటుంది. అదంతా నిజమేనని నమ్మండి. నమ్మకపోతే మార్కులు పడవు. ఉద్యోగం వచ్చి కుర్చీలో కూర్చున్నాక మాత్రం ఈ ముచ్చట ఒక్కసారి గుర్తు చేసుకోండి. నేను ఈ మధ్యనే స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసి ఇంటికొచ్చినవాణ్ని. అంతమాత్రాన ముసలివాణ్ననుకోకండి. జుట్టు ఇంకా నల్లగానే ఉంది. ఎందుకు నల్లగా ఉందో నాకూ మా వీధి మంగలికీ తెలుసు, మూడో మనిషికి అనవసరం.

మాది దేశమంతా శాఖలున్న పెద్ద బ్యాంకు. పేరు చెప్పను, నా పింఛను ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది. ఎల్లారెడ్డి శాఖలో నాది రెండో కుర్చీ. అంటే మేనేజర్ తర్వాత అంతటివాణ్ని. అలాగని నేను అనుకునేవాణ్ని, మా అటెండర్ అనుకునేవాడు కాదు.

శాఖ బస్టాండు దాపున, ఎరువుల దుకాణానికీ చెప్పుల దుకాణానికీ నడుమ ఇరుక్కుని ఉండేది. ఎడమ నుంచి యూరియా వాసన, కుడి నుంచి కొత్త చెప్పుల వాసన. కళ్లు మూసుకుని వచ్చినా దారి తప్పరు. బయటి నుంచి చూస్తే అగ్గిపెట్టె, లోపలికొస్తే క్రికెట్ ఆడుకోవచ్చు. ఒకప్పుడు అది వడ్ల గోదాము. ఆ హాలులో నలుగురు కస్టమర్లు నిలబడితే జాతరలో తప్పిపోయినవాళ్లలా కనిపించేవారు. అవతలి గోడ దగ్గర ఎవరైనా దగ్గితే, ఆ దగ్గు మా కౌంటర్ దాకా వచ్చేసరికి ఆ మనిషికి జబ్బు నయమయ్యేది. పైన ఫ్యాన్లు తిరిగేవి. గాలి కోసం కాదు, తిరగడం వాటి ఉద్యోగం కాబట్టి తిరిగేవి. ఆ విషయంలో మాకూ వాటికీ పెద్ద తేడా లేదు.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది బీడీలు చేసే ఆడవాళ్లు. వాళ్ల కూలి, పింఛను మా శాఖలోనే పడేవి. పడ్డది పడ్డట్టే తీసుకుని పరుగెత్తేవారు. అలా పరుగెత్తడానికి కారణం ఉంది. తునికాకు ఒకసారి నానబెడితే ఇక ఆగదు. ఆ పూటే కత్తిరించాలి, ఒళ్లో చాట పెట్టుకుని తంబాకు పోసి చుట్టాలి, కట్టలకు దారం కట్టాలి. ఆలస్యమైతే ఆకు ఎండి విరుగుతుంది. ఆకు నానబెట్టి బ్యాంకుకు వచ్చిన మనిషి, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన మనిషితో సమానం. ఒళ్లు మా హాలులో, ప్రాణం ఇంటి దగ్గర. లైను కాస్త పొడుగ్గా కనిపిస్తే గుమ్మం నుంచే వెనక్కి తిరిగేవారు. ఇక వాళ్లకు మేము పొదుపు గురించి ఎప్పుడు చెప్పాలి, ఖాతాలో నాలుగు రాళ్లు ఎప్పుడు నిలవాలి?

అందుకే రీజనల్ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. మార్చి ఆఖరుకు వ్యాపారం పెరగకపోతే ఎల్లారెడ్డి శాఖను ఎత్తేసి కామారెడ్డి శాఖలో కలిపేస్తారట. వాళ్లకది ఒక సంతకం. ఈ ఆడవాళ్లకు మాత్రం పింఛను కోసం కామారెడ్డి బస్సెక్కడం, అక్కడ కొత్త ముఖాల ముందు నిలబడడం, మళ్లీ బస్సు. ఆ రోజు చాట ఖాళీ. చాట ఖాళీ అయిన రోజు కూలి సున్న.

నా సంగతి వేరు. నా ఇల్లు కామారెడ్డిలో. రోజూ అడవి దారిన ఎల్లారెడ్డికి బస్సు ప్రయాణం. ఆ బస్సు మనుషులు చేయెత్తితే ఆగేది, మేకలు తలెత్తినా ఆగేది. ఆ సీట్ల దెబ్బకు నా వెన్నెముక పొట్టిదై, పెళ్లినాటి ప్యాంట్లు నేలను ఊడ్చడం మొదలుపెట్టాయి. శాఖ కామారెడ్డికి వచ్చేస్తుందన్న కబురు వినగానే మా ఇంట్లో పాయసం వండారు. నేను రెండు గిన్నెలు తాగాను.

సరిగ్గా అప్పుడే కొత్త మేనేజర్ మేడం వచ్చింది. వయసులో నాకంటే చిన్నది, జీతంలో పెద్దది. ఊరు భిక్నూర్. వాళ్ల నాన్నకు అక్కడ హైవే పక్కన ధాబా ఉండేదట. మొదటి రోజే హాలంతా ఒక చుట్టు చుట్టి, నా దగ్గరికొచ్చి అడిగింది.

"సార్, మన దగ్గర కస్టమర్ ఎంతసేపు ఉంటడు?"

"ఎంత తొందరగా పోతే అంత మంచిది మేడం" అన్నాను గర్వంగా.

ఆమె నవ్వింది. "మా బాపు గట్ల అనుకుంటె మేం అడుక్కతినేటోళ్లం సార్. ధాబా ముంగట లారీ ఎందుకు ఆగుతదంటరు?"

"పప్పు కోసం."

"పప్పు అన్ని ధాబాలల్ల ఒక్కతీరే ఉంటది. మా బాపు వరుసగ నులక మంచాలు ఏసిండు. తొట్టి నిండ నీళ్లు పెట్టిండు. డ్రైవర్ స్నానం జేసి నడుం వాలుస్తడు. వాల్చినంక ఆకలైతది. అప్పుడు పప్పు. ముందుగాల మనిషి ఆగాలె సార్. ఆగినంకనే ఏదన్న అమ్ముతం."

ఆ మధ్యనే పెద్దాఫీసువాళ్లు మమ్మల్ని హైదరాబాద్ పిలిచి, చల్లటి హాలులో కూర్చోబెట్టి, ఉద్యోగుల్లా కాకుండా సొంత వ్యాపారం పెట్టినవాళ్లలా ఆలోచించాలనీ, అప్పుడే బ్యాంకు పనితీరు మారుతుందనీ పాఠం చెప్పారు. ఆ పాఠానికి ఇంగ్లీషులో ఒక పేరుంది. అది పలికేలోపు చేతిలో టీ చల్లారుతుంది. నేను మనస్ఫూర్తిగా నమ్మాను. తిరిగొచ్చి వ్యాపారం పెట్టినవాడిలాగే ఆలోచించాను. అంటే ఆలస్యంగా వచ్చి అటెండర్ మీద కేకలేశాను.

"ఓనర్ అయితె ముందుగాల నా జీతం పెంచుండ్రి సార్" అన్నాడు అటెండర్.

నా ఆలోచన ఆ మధ్యాహ్నంతో ముగిసింది. మేడం ఆలోచన మాత్రం మర్నాటి నుంచి పనిలో దిగింది. ఫ్యాన్లకు నూనె పోయించింది. అవి తమకు గాలి వీచడం కూడా వచ్చని కనిపెట్టి తామే ఆశ్చర్యపోయాయి. గోడల వెంట బెంచీలు వేయించింది. మూలకు రంజన్ పెట్టించింది. రంజన్ అంటే చల్లటి నీళ్ల కుండ. ఆ నీళ్లు ఎంత చల్లనంటే, ఒక గ్లాసు తాగిన మా క్యాషియర్ సాయంత్రం దాకా ఎవరితోనూ వేడిగా మాట్లాడలేదు.

ఇంత చేసినా ఎవరూ కూర్చోలేదు. ఆడవాళ్లు వచ్చారు, నిలబడ్డారు, తీసుకున్నారు, పరుగెత్తారు. మేడం ఒక పెద్దావిడను ఆపింది. అందరూ ఆమెను పెద్దవ్వ అనేవారు. బీడీలు చేసే ఆడవాళ్లలో ఆమె మాటే మాట. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం ట్రాక్టర్‌ది.

"అవ్వా, జరసేపు కూసోరాదు? నీళ్లు తాగు" అంది మేడం.

"కూసుంటె చేతులేం జేయాలె బిడ్డా? ఊకె కూసుంటె నా చేతులు నన్ను తిడుతయ్."

మేడం ఆ జవాబు విని తన గదిలోకి వెళ్లిపోయింది. ధాబా సూత్రం ఇక్కడ పారలేదు. లారీ డ్రైవర్‌కు కావలసింది నడుం వాల్చడం. వీళ్లకు నడుం వాలిస్తే నష్టం.

ఇంతలో పెద్దాఫీసు కొత్త సదుపాయం ప్రవేశపెట్టింది. ఫోనులో అక్షరాలు కొట్టి బ్యాంకును ఏదైనా అడగవచ్చు, బ్యాంకు జవాబిస్తుంది. దాని పేరు చాట్. ప్రతి శాఖలోనూ కస్టమర్లకు దీని గురించి వివరంగా చెప్పాలని ఆజ్ఞ. మేడం ఆ పని నాకు అప్పగించింది. స్టేజీ, మైకు ఉన్నా లేకపోయినా ఉపన్యాసం ఇవ్వగల మనిషిని నేనే అని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. నేనే చెప్పి ఉంటాను.

పింఛను రోజు హాలు కిటకిటలాడుతున్నప్పుడు నేను బెంచీ ఎక్కాను. గొంతు సవరించుకున్నాను.

"అమ్మలారా, అక్కలారా! ఇకమీదట మీరు లైనులో నిలబడి ఇబ్బంది పడాల్సిన అవసరం లేదు. చాట్‌తో వస్తే చాలు, మీ పని అయిపోతుంది!"

ఆడవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత గుసగుసలు. పెద్దవ్వ ముందుకొచ్చింది.

"నిజంగనేనా సారు? దాంతోని వస్తె ఏమనరా?"

"ఎవరంటారు? ధైర్యంగా రండి. ఎంతమందైనా రండి."

"మేడంకు ఎర్కనేనా?"

"మేడం చెప్పమంటేనే చెబుతున్నాను."

ఆమె రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టింది. నా ఉద్యోగ జీవితంలో ఫోను సదుపాయానికి దండం పెట్టిన మొదటి కస్టమర్. నేను బెంచీ దిగుతూ, నా వాక్చాతుర్యానికి నేనే ముగ్ధుణ్నై, జారిపడబోయి అటెండర్ భుజం పట్టుకున్నాను.

మర్నాడు నా బస్సు మేకలన్నిటికీ మర్యాద చేసి నింపాదిగా ఎల్లారెడ్డి చేరింది. శాఖ ముందు అటెండర్ ఎదురొచ్చాడు. అతని ముఖంలో పుట్టెడు ఆనందం. మామూలుగా నాకు కష్టం వచ్చినప్పుడే అతని ముఖం అలా వెలుగుతుంది.

"సార్, చాటలొచ్చినయ్."

"ఏం వచ్చాయి?"

"మీరే చూడుండ్రి సార్. నేను చెప్తె బాగుండది."

లోపలికెళ్లాను. మా వడ్ల గోదాము నిండిపోయింది. గోడ నుంచి గోడ దాకా ఆడవాళ్లు చాపలు పరుచుకుని, కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ప్రతి ఒళ్లో ఒక చాట. చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు కుప్ప, దారపు ఉండ. బీడీలు చేసే మనిషికి చాట అంటే వంటింట్లో బియ్యం చెరిగే వస్తువు కాదు, ఒళ్లో పెట్టుకున్న కార్ఖానా. ఆ కార్ఖానాలన్నీ మా హాలులో ఒకేసారి నడుస్తున్నాయి. వేళ్లు కనబడడం లేదు, అంత వేగం. తంబాకు ఘాటుకు గోడ మీది బల్లులు కూడా కళ్లు తుడుచుకున్నాయని అటెండర్ ప్రమాణం చేసి చెప్పాడు. ఇంత జాతరా ఎక్కడ జరుగుతోంది? "పొగ త్రాగరాదు" అని ఎర్రటి అక్షరాలతో రాసిన మా బోర్డు కింద.

"ఇదేమిటమ్మా!" అని అరిచాను.

పెద్దవ్వ తల ఎత్తకుండానే, "గట్ల అడుగుతవేంది సారు?" అంది. "నిన్న బెంచెక్కి నువ్వే అంటివి గద, చాటతోని రమ్మని?"

"చాట కాదు, చాట్! ఫోనులో..."

"మాకు ఫోన్‌ల చేసుడు రాదు సారు. ఒళ్లె పెట్టుకోనే చేస్తం."

పక్కనే ఉన్న ఆమె కోడలు నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. నా చెమట చెప్పుల దుకాణం దాకా పారింది. శాఖను కామారెడ్డికి పంపడం సంగతి తర్వాత, ముందు నన్ను ఆదిలాబాద్ అడవులకు పంపుతారు. మేడం గదిలోంచి వచ్చింది. చూసింది. నేను నా ఉపన్యాసాన్నీ, దానికి జరిగిన అన్యాయాన్నీ గబగబా విన్నవించాను. ఆమె నా మాట వినడం లేదు. చూపంతా ఆ వేళ్ల మీదే ఉంది.

"సార్" అంది మెల్లగా. "వీళ్లు కూసున్నరు."

"అదే మేడం, ఇప్పుడే లేపుతాను."

"అయ్యో, లేపకుండ్రి! ఇన్ని రోజులు మనం బెంచీలేసినం, నీళ్లు పెట్టినం, ఒక్కలు కూసోలే. ఇయ్యాల వాళ్లంతట వాళ్లే వచ్చి కూసున్నరు. ఈ చాటనే సార్, వీళ్లకు మంచం."

తెలివి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. నాది పొరపాటు, ఆమెది వ్యాపారం. అదే పొరపాటు నా చేతిలో ఉంటే సంజాయిషీ అయ్యేది. ఆమె చేతిలో పడి దుకాణం అయింది. హైదరాబాద్‌లో ఆ చల్లటి హాలు రోజంతా చెప్పబోయి చెప్పలేకపోయింది ఈ ముచ్చటే అనుకుంటాను.

ఆమె ఏర్పాట్లన్నీ అరగంటలో అయిపోయాయి. కౌంటర్లకూ కంప్యూటర్లకూ దూరంగా, కిటికీల వైపు సగం హాలు చాటలకు. వచ్చినవాళ్లు చీటీ తీసుకుని కూర్చోవడమే. పేరు పిలిచే పని అటెండర్‌ది. ఆ మనిషి ఎల్లారెడ్డిలో పేరు పిలిస్తే పెద్దకొడప్‌గల్‌లో అదే పేరున్నవాళ్లు పలుకుతారు. వెళ్లేముందు తమ చోటు తామే ఊడ్చుకోవాలి. ఇది పెద్దవ్వ పెట్టిన రూలు. బ్యాంకు రూళ్లన్నిటిలోనూ ఒక్కరోజు కూడా తప్పకుండా అమలైన రూలు అదొక్కటే.

మనుషులు కూర్చున్నాక ఏమవుతుంది? మాట్లాడతారు. చుట్టూ చూస్తారు.

"మేడం, ఆ గోడ మీద బొమ్మల ఆ పిల్ల ఎందుకు నవ్వుతుంది?" అని అడిగింది ఒకామె.

"నెలనెల కొన్ని పైసలు వేసుకుంట పోతుంది. అందుకే నవ్వుతుంది" అంది మేడం.

"మేం వేసినా గట్లనే నవ్వుతమా?"

అలా మొదలైంది. నేను అద్దం వెనుక నుంచి ఎన్నేళ్లు అరిచినా తెరుచుకోని ఖాతాలు, ఆ చాటల మధ్య మేడం కింద కూర్చుని చెబితే తెరుచుకున్నాయి. బ్యాంకు పని లేని రోజు కూడా గాలికీ ముచ్చటకూ వాళ్లు చాటలతో రావడం మొదలుపెట్టారు. అటు తర్వాత దుబాయ్ వచ్చి మా హాలులో చేరింది. వీళ్లలో చాలామంది ఇళ్లలోని మగవాళ్లు అక్కడ పనికి పోయినవాళ్లు. ఒకనాడు పెద్దవ్వ కోడలికి భర్త వీడియో కాల్ చేశాడు.

"ఏడున్నవే?"

"బ్యాంకుల."

"బ్యాంకుల ఏం జేస్తున్నవ్?"

"బీడీలు జేస్తున్న."

అవతల ఎడారిలో అతను నెత్తి తడుముకున్నాడు. ఎండ దెబ్బ తనకు తగిలిందా, భార్యకు తగిలిందా తేల్చుకోలేకపోయినట్టున్నాడు. ఆమె ఫోను అటూ ఇటూ తిప్పి చూపించింది. మేడం వెంటనే అందుకుంది.

"అన్నా, నమస్తే. మీ ఇంటోళ్లు రోజూ ఈడనే కూసుంటున్నరు. మీరు పైసలు ఎవ్వలెవ్వల చేతుల మీదికెల్లో పంపుడెందుకు? సీదా ఈడికే పంపుండ్రి."

"మా అమ్మ గూడ ఆడనే ఉన్నదా మేడం?"

"ఉన్న బిడ్డా!" అని పెద్దవ్వ కూర్చున్నచోటి నుంచే కేక పెట్టింది. ఆ కేకకు ఫోను అవసరం లేదు.

ఆ నెల నుంచి దుబాయ్ పైసలు మా శాఖకు మళ్లాయి. ఒకరిని చూసి ఒకరు. మనుషులున్నచోటికి మనుషులొస్తారు కదా, ఎరువుల దుకాణం ఆయన ఖాతా తెరిచాడు, చెప్పుల దుకాణం ఆయన తెరిచాడు. నేనైతే కొత్త పనితో ఎంత చిక్కిపోయానంటే, బస్సు కండక్టర్ ఒకరోజు నాకు హాఫ్ టికెట్ కొట్టబోయాడు. అయినా మనసు తేలిగ్గా ఉండేది. మధ్యాహ్నం పూట ఆ ఆడవాళ్లు తెచ్చుకున్న జొన్నరొట్టెలో ఒక ముక్క, ఎర్రకారంతో, అద్దం కింది సందులోంచి నా బల్ల మీదికి వచ్చేది. పైసలు బయటికి పోయే ఆ సందులోంచి లోపలికి తిండి రావడం నా ఉద్యోగంలో అదే మొదలు. ఆ రొట్టె రుణం నేను ఏ జీతంతోనూ తీర్చలేను.

ఇక ఆ రోజు. మార్చి నెలాఖరు. రీజనల్ ఆఫీసు నుంచి పెద్దసారు వస్తున్నారని పొద్దున్నే మా పిట్లం శాఖ నుంచి ఫోను. చూసి, రాసి, తేల్చేయడానికి వస్తున్నారు. చాటలను ఆ ఒక్కరోజు రావద్దని చెబుదామా అన్నాను. మేడం ఒప్పుకోలేదు. "మన దుకాణం ఎట్లున్నదో గట్లనే చూడనియ్యుండ్రి సార్" అంది.

పెద్దసారు పుస్తకం చదివినట్టు మాట్లాడే మనిషి. గుమ్మంలో అడుగుపెట్టారు. హాలు చూశారు. నోరు తెరిచారు. మాటకు బదులు తుమ్ము వచ్చింది. అది మామూలు తుమ్ము కాదు. ఆ గాలికి మా క్యాలెండర్ మార్చి వదిలి ఏప్రిల్‌కు తిరిగింది.

"ఇది బ్యాంకా, బీడీ కార్ఖానానా?"

"రెండూ సార్" అన్నాడు అటెండర్, సాయం చేస్తున్నాననుకుని.

"ఆ బోర్డు మీద ఏముందో కనబడడం లేదా?"

"మేం తాగుతలేము సారు" అంది పెద్దవ్వ మర్యాదగా. "చేస్తున్నం, అంతే."

మేడం ఆయనను గదిలోకి తీసుకెళ్లి కంప్యూటర్లో శాఖ లెక్కలు చూపించింది. ఆయన చూశారు, తల ఊపారు, మళ్లీ తుమ్మారు. అప్పుడు అసలు మాట అన్నారు. "పెరిగింది. కాదనను. కానీ మార్చి నెలలో పెరగని శాఖ ఏదమ్మా? మార్చి కోసం తెస్తారు, ఏప్రిల్‌లో పట్టుకుపోతారు. నా సర్వీసంతా చూస్తున్నాను. ఈ కస్టమర్లు నీ దగ్గరే నిలుస్తారని ఏమిటి నమ్మకం? నిలవరు. శాఖను కలిపేయమనే రాస్తాను."

మేడం ముఖం చూడలేక నేను కిటికీలోంచి ఎరువుల బస్తాలను చూశాను. కామారెడ్డిలో మా ఇంటికి అయిదు నిమిషాల దూరంలో కుర్చీ సిద్ధంగా ఉంది. నా వెన్నెముక పండగ చేసుకోవాల్సిన సమయం. అయినా సరే, లోపల ఎవరో నా గొంతు పట్టుకుని, "దేవుడా, ఈ శాఖ పోకుండా చూడు" అనిపించారు. దేవుడు వెంటనే విన్నాడు. తనకు తోచినట్టు విన్నాడు.

సర్వర్ పోయింది.

సర్వర్ అంటే ఏమిటో మీకు చెప్పాలి. అది ఎక్కడో ఉంటుంది. మాలో ఎవరూ చూడలేదు. ఉన్నప్పుడు ఎవరూ తలచుకోరు, పోతే అందరూ తలచుకుంటారు. అది పోయిందంటే బ్యాంకులో చీమ కూడా తన ఖాతాలోంచి చక్కెర తీసుకోలేదు. అప్పుడు కస్టమర్లు మా తాతముత్తాతలను పేరుపేరునా పలకరించి, తలుపు విసిరికొట్టి, పక్కనున్న బ్యాంకుకు పోతారు. పెద్దసారుకు ఇది బాగా తెలుసు. కంప్యూటర్ ఆగిపోగానే ఆయన అలవాటు కొద్దీ తన బ్యాగు ఛాతీకి అడ్డం పెట్టుకుని, తిట్లకు సిద్ధపడి, హాలులోకి తొంగి చూశారు.

అటెండర్ ప్రకటించాడు. "సర్వర్ పోయిందహో! ఎప్పుడొస్తదో ఎర్క లేదు!"

"పోయిందా?" అంది పెద్దవ్వ. "మంచిగైంది. ఇంకో రెండు కట్టలైతయ్."

అంతే. ఎవరూ లేవలేదు. ఎవరూ తిట్టలేదు. కత్తెరల చప్పుడు, ఫ్యాన్ల గాలి, మధ్యలో ఎవరో పెళ్లి ముచ్చట. పెద్దసారు బ్యాగు మెల్లగా కిందికి దించారు. వచ్చి బెంచీ అంచున కూర్చున్నారు. గడియారం చూశారు. జనాన్ని చూశారు. ఎంతసేపు గడిచినా జనం తగ్గడం లేదు, పైగా చీటీ తీసుకుని మరో ఇద్దరొచ్చి చాపలు పరిచారు.

"అమ్మా, సర్వర్ ఈరోజు రాకపోవచ్చు. ఇంటికి వెళ్లి రేపు రావచ్చు కదా?" అని అడిగారు ఉండబట్టలేక.

"ఇంటికాడ గూడ గిదే పని సారు" అంది పెద్దవ్వ కోడలు. "ఈడ నలుగురున్నరు. గాలొస్తది. అత్త పోరు లేదు."

"నేనున్న గదనే!" అంది పక్క నుంచి పెద్దవ్వ.

"ఈడ మేడం ముంగట ఏమంటలేవు గద!"

హాలు గొల్లుమంది. పెద్దసారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. పెద్దవ్వ ఆయన వైపు తిరిగింది. "సారూ, ఊకె గడియారం దిక్కు చూస్తె దానికి దిష్టి తగుల్తది. చేతులు ఖాళీగనే ఉన్నయ్ గద. ఇగో, ఈ కట్టకు దారం సుట్టు."

రీజనల్ ఆఫీసు గడగడలాడే మనిషి. ఆయన సంతకం కోసం మేనేజర్లు గుమ్మం బయట నిలబడి కాళ్లు మార్చుకుంటారు. ఆయన బీడీల కట్ట రెండు చేతులా అందుకుని దారం చుట్టారు. కట్ట విడిపోయి బీడీలు ఒళ్లో పడ్డాయి.

"గట్టిగ సారు, గట్టిగ. పెద్ద నౌకరీ చేస్తున్నవ్, కట్ట కట్టుడు రాదా?"

ఆయన మళ్లీ చుట్టారు. నాలుక కొద్దిగా బయటపెట్టి, బడి పిల్లవాడిలా. ఈసారి నిలిచింది. ఆ కట్టను ఆయన మేడంకు ఎత్తి చూపించారు. అప్పుడే నాకు అర్థమైంది, మనిషి మెత్తబడ్డాడని.

సర్వర్ వచ్చింది. అటెండర్ శాఖ కప్పు లేచిపోయేలా మొదటి పేరు పిలిచాడు. అది పెద్దవ్వదే. ఆమె కదల్లేదు.

"అవ్వా, రా! సర్వర్ వచ్చింది" అంది మేడం కౌంటర్ నుంచి.

"జర ఆగమను బిడ్డా. ఈ కట్ట ఒడిసినంక వస్త."

పిల్లలూ, నా ఉద్యోగ జీవితమంతా నేను జనాన్ని ఆగమన్నాను. రేపు రమ్మన్నాను, లంచ్ తర్వాత రమ్మన్నాను. బ్యాంకును ఆగమన్న కస్టమర్‌ను ఆ రోజే చూశాను. క్యాషియర్ ఆగాడు. అటెండర్ ఆగాడు. మేడం నవ్వుతూ ఆగింది. అందరం పెద్దసారు వైపు చూశాం.

"ఆగుదాం" అన్నారాయన.

కట్ట పూర్తయింది. ఆమె చాట పక్కన పెట్టి, కొంగు దులుపుకుని, కౌంటర్ దగ్గరికి వచ్చి పని ముగించుకుంది. పెద్దసారు మేడంను పిలిచారు. "కలిపేయమని రాద్దామనే వచ్చానమ్మా. ఇక రాయను. సర్వర్ పోయినా కస్టమర్ పోని శాఖను నేను ఎత్తేస్తే, నన్నే ఎత్తేయాలి. కంప్యూటర్ల దగ్గరికి మాత్రం ఆ తంబాకు రానివ్వకు" అన్నారు. మేడం వెళ్లి ఆయనకు రంజన్ నీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను కళ్లు తుడుచుకున్నాను. తంబాకు ఘాటు అని అటెండర్‌కు చెప్పాను. అతను మొదటిసారి నా మాట నమ్మినట్టు నటించాడు. అందుకు అతనికి కూడా నేను రుణపడి ఉన్నాను.

పెద్దవ్వ మళ్లీ తన చోటికి వెళ్లి కాళ్లు చాపుకుంది.

"ఏం సారు, బ్యాంకు కామారెడ్డికి పోతదన్నరు. పోదా ఇగ?"

"పోదమ్మా. ఇక్కడే ఉంటుంది."

"నాకు ముందే ఎర్క" అంది చాట ఒళ్లోకి లాక్కుంటూ. "మేం లేస్తె గద సారు, మీరు బ్యాంకు ఎత్తుకపోయేది!"

పెద్దసారు నవ్వబోయి తుమ్మారు. నేను నా కుర్చీలోంచి లేచి ఇంటికొచ్చేశాను గానీ, వాళ్లు మాత్రం ఇప్పటికీ లేవలేదు. వాళ్ల చేతులు సల్లగుండ.